తినేవాళ్లు కావాలి

జపాన్ రచయిత్రి బనానా యోషిమొతో ‘కిచెన్’ నవల 1988లో వచ్చింది. అందులోని మికాగె కాలేజీ వయసు పిల్ల. చిన్నప్పుడే అమ్మానాన్నా పోయారు. తర్వాత తాత, ఇప్పుడు అవ్వ. నా అన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. రాత్రుళ్లు నిద్రపట్టక, వంటింట్లో ఫ్రిజ్ పక్కనే పడుకుంటుంది. దాని రొద ఒక్కటే తోడు.

అవ్వకు తెలిసిన కుర్రాడు యూయిచి ఆమెను తమ ఇంటికి రమ్మంటాడు. ఆ ఇంటి పెద్ద ఎరికో. ఆమె యూయిచికి కన్నతండ్రే; భార్య పోయాక స్త్రీగా మారి, అతన్ని తల్లై పెంచింది. మికాగె గుడ్డు వేసిన గంజన్నం, దోసకాయ సలాడ్ చేస్తే ఎరికో ఇష్టంగా తింటుంది. నాకు ఈ నవల అక్కడే మలుపు తిరిగిందనిపిస్తుంది.

చావు జరిగిన ఇంట్లో మనం పొయ్యి వెలిగించం. చుట్టాలు, పక్కింటివాళ్లు వండి తెస్తారు. మా అమ్మ పోయినప్పుడు ఆ అన్నమే మమ్మల్ని నిలబెట్టింది. కానీ అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక, ఒక్కదానికోసం కుక్కర్ పెట్టబుద్ధి కాని రోజులు మొదలవుతాయి. యోషిమొతో రాసింది ఆ రోజుల గురించి.

మికాగె ఓ వేసవంతా పుస్తకాలు ముందేసుకుని వంట నేర్చుకుంటుంది. వంటలు నేర్పే ఓ టీచర్ దగ్గర సహాయకురాలిగా చేరుతుంది. అంతలో ఎరికో హత్యకు గురవుతుంది. ఈసారి కుంగిపోయింది యూయిచి. పని మీద వేరే ఊరు వెళ్లిన మికాగె ఓ రాత్రి హోటల్లో కత్సుదోన్ తింటుంది: వేయించిన పంది మాంసం, గుడ్డు, ఉల్లిపాయ వేసిన అన్నం గిన్నె. అది ఎంత బాగుందంటే, ఇంకొకటి కట్టించుకుని, టాక్సీలో ఎంతో దూరం వెళ్లి, గోడెక్కి మరీ అతని గదికి చేరుస్తుంది. ఆసరా పొందిన పిల్ల తినిపించే మనిషైంది.

ఈ నవల చదివాక, కథ రాయడానికి కూర్చుంటే నేనిప్పుడు ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ మనిషి రేపు పొద్దున్న ఏం పని చేస్తుంది, ఎవరి కోసం? దానికి జవాబు దొరికితే ఆమె దుఃఖం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

పెద్దదిక్కు పోయిన పిల్లలు మీకు తెలిసినవాళ్లలో ఉంటే వాళ్లకు అన్నం పెట్టండి. కొన్నాళ్లు పోయాక వాళ్లింటికి వెళ్లి, ఓ కూర చేయమని అడిగి, కూర్చుని తిని రండి.