మా ఇల్లు ఏ సీరియల్లో ఉంది?

సీరియళ్ల మాట ఎత్తితే మన సాహిత్యకారులు మొహం చిట్లిస్తారు. అదంతా ఆడవాళ్ల కాలక్షేపమట, పనిలేనివాళ్ల వ్యసనమట. నేను చూస్తాను. ఇష్టంగా చూస్తాను. ఏ పాత్రకి ఎవర్ని పెట్టారు, ఎవరు నప్పారు, ఎవరు తేలిపోయారు అని ఇంట్లో వాదనలు పెట్టుకుంటాను. చూసేవాళ్లకుండే ఆ హక్కుతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముస్లిం పాత్ర ఏదంటే 1986లో మొదలైన 'నుక్కడ్'లో ఖాదర్ భాయ్. వీధి మూల హోటలాయన. ఆ పాత్ర వేసింది అవతార్ గిల్. తీసినవాళ్లు కుందన్ షా, సయీద్ మీర్జా. ఖాదర్ భాయ్ షేర్వాణీ వేసుకోడు, షాయరీ చదవడు. ఈ దేశం మీద తనకి ప్రేముందని ఎవరికీ రుజువు చూపించడు. వీధిలో పదిమందిలో ఒకడు, అంతే. ఆ 'అంతే' మాకెంత అపురూపమో మీకు తెలుసా?

1988లో గుల్జార్ 'మీర్జా గాలిబ్' వచ్చింది. నసీరుద్దీన్ షా గాలిబ్. ఇప్పుడు గాలిబ్ అంటే ఆ మొహమే కళ్లముందుకొస్తుంది. అందరూ ఆయన్నే పొగుడుతారు. నేను మాత్రం ఉమ్రావ్ బేగంగా వేసిన తన్వీ ఆజ్మీ పక్షం. కన్న పిల్లలు ఒక్కరూ దక్కని తల్లి, అప్పుల మొగుడు. ఆ ఇంటి బరువంతా ఆమె కళ్లలో ఉంటుంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. తెర మీద ముస్లిమంటే ఎప్పుడూ కవి, నవాబు, తవాయిఫేనా? దూది ఏకే దూదేకుల సాయిబుకి, సైకిల్ పంక్చర్లు వేసేవాడికి, బీడీలు చుట్టే మా ఖాలాలకి షాయరీ రాదు. అందుకేనేమో వాళ్ల గడపలోకి కెమెరా రాదు.

పాత్రధారి మతం నాకు ముఖ్యం కాదు. బి.ఆర్. చోప్రా 'మహాభారత్'కి (1988-90) మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. అర్జునుడు ఫిరోజ్ ఖాన్. పాత్ర పేరే ఆయన పేరైపోయింది, అర్జున్‌గానే ఉండిపోయాడు. కథ చెప్పే 'సమయ్'కి హరీష్ భీమానీ గొంతిస్తే, ఆ గొంతుకి మాటలిచ్చింది రజా. దేశమంతా పని మానుకుని చూసింది. ఒక ముస్లిం అంత లోతుగా మహాభారతం రాయగలిగినప్పుడు, మా ఇంటి కథని ఒక హిందువు రాయలేడా? రాయగలడు. రజా మహాభారతం చదివాడు. మరి మమ్మల్ని చదివిందెవరు?

అదే 1990లో సంజయ్ ఖాన్ 'టిప్పు సుల్తాన్' వచ్చింది. 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో సెట్టు తగలబడి అరవై మందికి పైగా చనిపోయారు. సంజయ్ ఖాన్ ఒళ్లంతా కాలింది. అంత ప్రాణం పెట్టి తీస్తే, మీద కోర్టు కేసులు. చివరికి ఇది కల్పన మాత్రమే, టిప్పు అసలు జీవితంతో సంబంధం లేదు అని తెర మీద వేసుకుని చూపించాల్సొచ్చింది. ఇంగ్లీషువాడితో యుద్ధం చేసి చచ్చిపోయినవాడు కూడా మా పేరు పెట్టుకుంటే 'కల్పితం' అయిపోతాడన్నమాట!

2014 జూన్‌లో జిందగీ చానెల్ వచ్చింది. 'జిందగీ గుల్జార్ హై' చూశాం. కషఫ్‌గా సనమ్ సయీద్, తల్లి రఫియాగా సమీనా పీర్జాదా. కొడుకు పుట్టలేదని మొగుడు ఇంకో పెళ్లి చేసుకుంటే, టీచరు జీతంతో ముగ్గురు కూతుళ్లని చదివించిన తల్లి. ఫీజులు, చాలని ఇల్లు, కషఫ్ నోటి దురుసు. ఫవాద్ ఖాన్ అందగాడే, కాదనను. కానీ జారూన్ పాత్ర నాకు నచ్చలేదు. ఆడవాళ్లు ఎలా మసులుకోవాలో చెప్పే ఆ పెద్దరికాన్ని ప్రేమ పేరుతో మెత్తబరిచారు. ఉమేరా అహ్మద్ కలం అక్కడ వెనకడుగేసింది. మన సీరియళ్ల రోగం అక్కడా ఉంది. మావాళ్లు తీశారని మెచ్చుకోవాలా?

ఈ మాట పైకనడానికీ మాకు జాగా లేదు. మెచ్చుకుంటే 'పాకిస్తాన్ వాళ్లు', విమర్శిస్తే మౌల్వీల కోపం. 2016 సెప్టెంబరులో ఉరీ దాడి తరవాత ఆ చానెల్ పాకిస్తాన్ నాటకాలు ఆపేసింది. 2025 మేలో, పహల్గామ్ దాడి తరవాత, ఓటీటీల్లో ఉన్నవీ తీసేయమని కేంద్రం చెప్పింది. దాడులు చేసినవాళ్ల మీద కోపం మాకూ ఉంది. కానీ ఫీజు కట్టలేక ఏడ్చిన కషఫ్ ఏం చేసింది? ఆ నాటకాల కోసం ఎదురుచూసిన పక్కింటి లక్ష్మక్కయ్యది ఇష్టం, నాది మాత్రం అనుమానం. ఇదెక్కడి న్యాయం?

అసలు మేం సరిహద్దు దాటి ఎందుకు వెతుక్కోవాలి? మా సొంత భాష తెలుగులో మా ఇల్లు కనిపించదు కాబట్టి. తెలుగు సీరియళ్లు వేల ఎపిసోడ్లు నడుస్తాయి. 'చక్రవాకం'లో ఇక్బాల్ అని ఒక పాత్ర వస్తేనే ఆ పేరు మా వీధంతా గుర్తుపెట్టుకుంది. మిగతా చోట్ల సాయిబు అంటే బిర్యానీ వండేవాడు, రంజాన్ నాడు సేమియా పంపేవాడు, హీరో కోసం ప్రాణమిచ్చేవాడు. లేదా బాంబు పెట్టేవాడు. ఎవడొచ్చినా 'నాకీ తెల్వద్, నీకీ ఏం గావాల్' అనాల్సిందే. గుంటూరు నూర్‌బాషాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. నల్లగొండ సాయిబులు మాట్లాడే తెలుగు నల్లగొండ తెలుగే. ఆ వెకిలి యాస మాది కాదు, మీ రచయితలు మాకు తగిలించిన గడ్డం!

మమ్మల్ని గొప్పగా చూపించమని నేనడగడంలేదు. మంచి సాయిబు పాత్ర అంటేనే నాకు భయం, అతను చివరి ఎపిసోడ్ దాకా బతకడు. చెడ్డ అత్తగా ఒక ఫాతిమాని పెట్టండి. లెక్కల్లో తప్పిన ఒక రఫీని పెట్టండి. ఆస్తి కోసం తన్నుకునే అన్నదమ్ములుగా మస్తాన్‌నీ జిలానీనీ పెట్టండి. ఎవరు వేసినా పర్వాలేదు. ముందు మా ఇళ్లకొచ్చి, దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని, మేం మాట్లాడేది విని రాయండి. బాగా రాకపోతే తిట్టడానికి నాలాంటి వాళ్లం టీవీ ముందే కూర్చుని ఉన్నాం.