పాటకు కర్త, పాటకు గొంతు: కార్ల్ పెర్కిన్స్, బండి యాదగిరి

పాట ప్రజల సొత్తయినప్పుడు కర్త పేరు ఏమవుతుంది? మౌఖిక సాహిత్య పరిశోధనలో తరచూ ఎదురయ్యే ఈ ప్రశ్నను తొలితరం రాకబిలీ గాయకుడు, గీతకర్త కార్ల్ పెర్కిన్స్ (1932-1998) జీవితం ఆధారంగా పరిశీలించవచ్చు.

అమెరికా దక్షిణాదిలో శ్వేతజాతీయుల గ్రామీణ సంగీతమూ నల్లజాతీయుల రిథమ్ అండ్ బ్లూస్ సంగీతమూ కలిసి 1950లలో రూపొందిన బాణీ రాకబిలీ. టెనెసీలో పాలుకు సేద్యం చేసుకునే పేద కుటుంబంలో పుట్టిన పెర్కిన్స్ బాల్యంలోనే పత్తి ఏరాడు. ఆ చేలలోనే పనిచేసే నల్లజాతి కూలీ జాన్ వెస్ట్‌బ్రూక్ అతనికి గిటారు నేర్పాడు. తాను రాసిన 'బ్లూ స్వీడ్ షూస్'ను పెర్కిన్స్ 1955 డిసెంబరులో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో పాడి రికార్డు చేశాడు. 1956లో అది ఘనవిజయం సాధించింది. అదే ఏడాది మార్చి 22న టెలివిజన్ కార్యక్రమం కోసం న్యూయార్క్ వెళ్తూ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. ఏప్రిల్ 3న ఎల్విస్ ప్రెస్లీ అదే పాటను టెలివిజన్‌లో పాడాడు. నేటి శ్రోతలలో అనేకులకు అది ప్రెస్లీ పాటే.

తెలంగాణలో దీనికి దగ్గరి ఉదాహరణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి'. 'మా భూమి' (1979) చిత్రంలో గద్దర్ గొంతు దానిని తరతరాలకు అందించింది. ఆ గొంతు లేకుంటే పాటకు అంత వ్యాప్తి లేదు. ఆ గొంతు బలం వల్లనే కర్త పేరు వెనుకబడింది. 'ప్రజల పాట' అనే మాట గౌరవవాచకమే అయినా, కర్తను మరపించే పని కూడా చేస్తుంది.

అయితే రెండు సందర్భాలూ ఒకటి కావు. రికార్డుపై గీతకర్తగా అచ్చయిన పేరు పెర్కిన్స్‌ను కాపాడింది, వెస్ట్‌బ్రూక్‌ను కాపాడలేదు. రచనా హక్కు పదాలను, వరుసను గుర్తిస్తుంది, నేర్పిన చేతిని గుర్తించదు. మౌఖిక సంప్రదాయం పాటను కాపాడుతుంది, కట్టినవారి పేరుకు హామీ ఇవ్వదు.

పత్తి, కంది చేలూ నాపరాతి గనులూ ఉన్న వికారాబాద్, తాండూరు ప్రాంతాలలో పాటలు సేకరించే పరిశోధకులకు ఈ భేదం ముఖ్యం. 'జానపదం' అని రాసి ముగించే ముందు, పాటను ఎవరు కట్టారు, ఎవరి వద్ద నేర్చారు, ఎవరు వ్యాప్తిలోకి తెచ్చారు అని వేర్వేరుగా అడిగి నమోదు చేయాలి. అలా అడగని సేకరణలో పాట మిగులుతుంది, దానిని కట్టిన శ్రామికుడు మిగలడు.