డబ్బా వెనక నంబరు, డబ్బా లోపల మెషీను

హైదరాబాద్ ఆల్విన్ వాచీ కట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ కంపెనీ 1980ల్లో జపాన్ సీకోతో చేతులు కలిపి వాచీలూ తెచ్చింది. అల్లుడికి పెళ్లిలో పెట్టే వాచీ అంటే అదో, హెచ్ఎంటీయో. ఇప్పుడు హైదరాబాద్ శివారులోని పాల్మాకుల నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. వెళ్లొచ్చేవాళ్ల చేతులకు పాతకాలం డిజైనుతో కొత్తగా చేసిన ‘లిమిటెడ్ ఎడిషన్’ క్రోనోగ్రాఫ్‌లు కనిపిస్తున్నాయి. ధర లక్షల్లో. ఆ ధర దేనికి?

క్రోనోగ్రాఫ్ అంటే వాచీలోనే స్టాప్‌వాచ్. పక్క బటన్ నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు కదలాలి, మళ్లీ నొక్కితే ఆగాలి, ఇంకో బటన్‌కి సున్నాకి రావాలి. ఈ ఆజ్ఞలు నడిపించే పద్ధతులు రెండు. మొదటిది కాలమ్ వీల్: చుట్టూ బురుజులు లేచిన చిన్న కోటలాంటి చక్రం. నడిపి ఆపే బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక పన్ను తిరుగుతుంది. లివర్ల ముక్కులు బురుజుల మీదికెక్కుతాయి, సందుల్లోకి దిగుతాయి. తయారీ కష్టం, బటన్ మాత్రం మెత్తగా పలుకుతుంది. రెండోది క్యామ్: వంపులు తీర్చిన రేకుబిళ్ల అటూ ఇటూ జరుగుతుంది. చౌక, గట్టిది, కాస్త మొండి.

స్టాప్‌వాచ్‌ను వాచీ నడకకు కలిపే క్లచ్ కూడా చూడాలి. పళ్ల చక్రాలు పక్కనుంచి వచ్చి కలిసే పద్ధతిలో ముల్లు బయల్దేరేటప్పుడు ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది. పైనుంచి బిళ్లలు అదుముకునే వర్టికల్ క్లచ్‌లో ఆ బాధ లేదు.

1969లో ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ పందెంలో మూడు జట్లు దాదాపు ఒకేసారి గీత దాటాయి. జెనిత్ ఎల్ ప్రిమెరోలో బ్యాలెన్స్ వీల్ గంటకు 36,000 సార్లు కొట్టుకునేది, అందుకే సెకనులో పదోవంతు కొలిచింది. హోయర్, బ్రైట్లింగ్ జట్టు క్యాలిబర్ 11 అనే మెషీను తెచ్చింది. సీకో 6139లో కాలమ్ వీల్, వర్టికల్ క్లచ్ రెండూ ఉన్నాయి. మన ఆల్విన్‌తో తర్వాత కలిసిన సీకోయే ఇది. ఆ సంగతి నాకెందుకో గర్వంగానే ఉంటుంది.

లిమిటెడ్ మాటకొస్తే ఒమేగా స్పీడ్‌మాస్టర్‌నే చూద్దాం. చంద్రుడి మీద వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికున్న వాచీలో 321 మెషీను, కాలమ్ వీల్‌ది. 1968 నుంచే కంపెనీ దాని స్థానంలో క్యామ్ ఉన్న 861 వాడటం మొదలుపెట్టింది. ఆ చంద్రయాత్రకు యాభయ్యేళ్లు నిండిన 2019లో 6,969 స్టీలు వాచీలు మాత్రమే చేశారు. లోపల 3861, అంటే క్యామే. అదే ఏడాది 321ని మళ్లీ తయారీలోకి తెస్తున్నట్టు ప్రకటించారు. దాన్ని పెట్టిన 2020 నాటి స్టీలు వాచీకి నంబర్ల పరిమితి లేదు. అంటే వెనక అచ్చేసిన అంకె ఒకచోట, పాతకాలం పనితనం ఇంకోచోట.

మరి ఏది మేలు? రోజూ కట్టుకోవడానికైతే నా ఓటు 3861కే. 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటుంది, గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది. 321ది 18,000 దగ్గరే ఆగిన పాత నడక. కానీ ఒక్కో 321 మెషీన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే పనివాడు కూరుస్తాడు. చూడముచ్చట దానిదే. కాలమ్ వీల్‌కి లక్షలే పోయాలనీ లేదు. వీనస్ 175 మెషీనును తయారుచేసే యంత్రాలను స్విట్జర్లాండ్ నుంచి కొన్న చైనా, ఆ వంశంలోని సీ-గల్ ఎస్‌టీ19ని నేటికీ చాలా తక్కువ ధరకు చేస్తోంది.

కొనేవాళ్లకు ఒక్క మాట. ఎన్ని ముక్కలు చేశారని అడగకముందే క్యాలిబర్ పేరు అడగండి. బటన్ మీరే నొక్కి చూడండి. సర్వీసింగ్ హైదరాబాద్‌లో చేస్తారో, వాచీని విదేశానికి పంపి నెలలు ఆగమంటారో రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.