తిరిగి పుచ్చుకోని కాగితం

డబ్బు కాగితాన్ని కథలా చదవడమేమిటని నవ్వకండి. రెండూ నమ్మమనే అడుగుతాయి. నమ్మినవాళ్లని చివరిదాకా ఆదుకున్నదే మంచిది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. మన నిజాం సర్కారు 1918లో కరెన్సీ చట్టం చేసి, పది రూపాయలకీ వంద రూపాయలకీ కాగితం నోట్లు వేసింది. మరుసటి ఏడు రూపాయి నోటూ, ఐదు రూపాయల నోటూ వచ్చాయి. ఉర్దూ రాజభాషగా ఉన్న ఆ రోజుల్లో, నోటు మీద తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉన్నాయి! కచేరీలో చెల్లని మన అక్షరం నోటు మీద చెల్లింది. అది ప్రేమేమీ కాదు. సంతలో నోటు మారాలంటే సంతకొచ్చేవాళ్ల భాష కావాలి మరి. 1948లో సంస్థానం పోయాక కూడా ఆ డబ్బు కొన్నేళ్లు చెలామణి అయింది.

అదే యుద్ధం జర్మనీలో చిన్నచిన్న ఊళ్ల చేత సొంత నోట్లు వేయించింది. లోహమంతా తుపాకులకి పోయి చిల్లర కరువైంది. మొదట అవసరమే. 1921 నాటికి మాత్రం అది వ్యాపారమైంది. హామెలిన్ ఊరు ఎలుకల వేణువువాడి బొమ్మ వేసింది. బీలెఫెల్డ్ పట్టు మీద, మఖమలు మీద అచ్చువేసింది. ఎంత అందమో! కాని చాలావాటికి కొద్దిపాటి గడువే. జనం ఆల్బముల్లో దాచుకుంటే ఊరికి లాభం. తిరిగి రాదనే ఆశతో ఇచ్చిన మాట అది. బొమ్మకి మార్కులు వేస్తాను గాని, నోటుకి వేయలేను.

మన హైటెక్ సిటీ మాటేమిటి? 1998లో సైబర్ టవర్స్ తెరిచాక, ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో భోజనం కూపన్లు పుస్తకాలుగా ఇచ్చేవారు. పెద్ద దుకాణాల్లో చెల్లేవి. పనిమనిషి ఉండే సందులో కిరాణాకొట్టువాడు పుచ్చుకోడు. గడువు దగ్గరపడ్డ కూపన్‌ని ఆమె చేతిలో పెట్టి, దానం చేశామనుకోవడం ఏం న్యాయం? చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చే కొట్టువాడిదీ ఇదే నీతి. రేపు అదే చాక్లెట్ ఇచ్చి పాలపాకెట్టు అడిగి చూడండి!

ఇప్పుడు మాదాపూర్ టీబండి మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ. దాన్ని ఏ మనిషీ చదవలేడు. అందుకే పక్కన డబ్బా ఎన్ని రూపాయలొచ్చాయో తెలుగులో పలుకుతోంది. సంతకొచ్చేవాళ్ల భాష మళ్లీ కావలసివచ్చింది కదూ!

నా కొలత ఒక్కటే. ఇచ్చినవాడు తిరిగి పుచ్చుకుంటాడా? పుచ్చుకోకపోతే నష్టం ఆఖరి చేతిది. ఆ ఆఖరి చేయి ఎప్పుడూ మనకంటే లేనివాళ్లదే.