క్రొత్త బడికి పోవు బిడ్డ
('రైలుబడి' అను పుస్తకమునుగూర్చి)

జూను మాసమున బడులు తెరచునప్పుడు మేడ్చల్‌లోగాని శామీర్‌పేటలోగాని బస్సు ఆగుచోట కొంతసేపు నిలిచి చూడుడి. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని తండ్రి ముందు నడచును. ఏడ్పు దిగమ్రింగుకొని బిడ్డ వెనుక నడచును. ఒకడు హాస్టలుకు, ఒకతె గురుకుల పాఠశాలకు పోవును. చలికాలమున ఇటుక బట్టీల పనికి ఒడిశానుండి వచ్చువారి బిడ్డకు మన తెలుగే క్రొత్త. 2022లో ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియము మొదలైనది గనుక, ఊరు విడువని బిడ్డకు సహితము పాఠము క్రొత్తయైనది. కొందరు నెల తిరుగకముందే ఇల్లు చేరుదురు. అప్పుడు మనము, "వీనికి చదువు అబ్బదు" అని తీర్పు తీర్చుదుము. ఆ తీర్పు న్యాయమైనదా? ఈ ప్రశ్న మనసున పెట్టుకొని 'రైలుబడి' చదువుడని మిమ్మును కోరుచున్నాను.

దీనిని వ్రాసినది జపాను దేశస్థురాలైన తెత్సుకో కురొయనాగి. 1981లో అచ్చయినది. నవలవలె సాగినను ఇది ఆమె బాల్యకథయే. తోత్తోచాన్ అను చిన్నపిల్ల మొదటి తరగతిలోనే బడినుండి వెళ్లగొట్టబడును. పాఠము జరుగుచుండగా బల్లమూత మాటిమాటికి తెరచి మూయుట, కిటికీయొద్ద నిలిచి వీధి వాద్యగాండ్రను పిలుచుట, ఇవియే ఆమె నేరములు. తల్లి ఆమెను తొమొయె అను క్రొత్త బడికి తీసికొనిపోవును. అక్కడ తరగతి గదులు పాత రైలు పెట్టెలు! మేడ్చల్ స్టేషనులో రైలు చూచి గంతులువేయు మన పిల్లలకు ఆమె సంతోషము చెప్పనక్కరలేదు.

పుస్తకమునకు ప్రాణము మొదటి దినపు కథయే. ప్రధానోపాధ్యాయుడైన కొబయాషిగారు తల్లిని పంపివేసి, తన కుర్చీని బిడ్డకు దగ్గరగా జరుపుకొని, నీకు తోచినదంతయు చెప్పుమనును. బిడ్డ నాలుగు గంటలు మాటలాడెను. ఆయన ఒక్కమారైనను ఆవులింపలేదు. పరీక్ష పెట్టలేదు, పాతబడి సంగతి అడుగలేదు. ఆ దినమునుండి ఆ బిడ్డ ఆ బడిదాయెను.

భోజనవేళ సంగతియు గమనింపుడి. ప్రతి డబ్బాలో సముద్రమునుండి కొంత, కొండనుండి కొంత ఉండవలెనని ఆయన నియమము. ఏది తక్కువైనను ఆయన భార్య రెండు గిన్నెలతో తిరుగుచు వడ్డించును. ఏ బిడ్డయు తన పేదరికమునకు సిగ్గుపడలేదు. మన పిల్లలలో ఎందరు గొడ్డుకారము మెతుకులను మూతచాటున దాచుకొని తినిరో మీకు తెలియును.

వెళ్లగొట్టబడిన సంగతి ఇరువది యేండ్లు నిండువరకు తల్లి ఆమెకు చెప్పలేదు. ఇది కపటము కాదా అని మనలో కొందరు అడుగవచ్చును. ఆమె అబద్ధమాడలేదు, బిడ్డ మోయలేని బరువును తాను మోసెను, అంతే. మనమో, బిడ్డ తప్పిన పరీక్షను బోరింగు దగ్గర నలుగురిలో చాటుదుము!

అయితే పుస్తకమున ఒక లోపము కలదు. బిడ్డ మాట నాలుగు గంటలు విన్న ఈ కథ, మొదటి బడి పంతులమ్మ మాటను నాలుగు నిమిషములైనను వినదు. ఆమెకు ఇతర పిల్లలును ఉండిరి గదా! తొమొయె సుమారు ఏబదిమంది పిల్లలున్న చిన్న బడి. నిండిన తరగతిని ఒంటరిగా నడుపు మన ఉపాధ్యాయుడు కొబయాషిగారివలె చేయలేడు; అందుకు అతని నిందింపరాదు.

అట్లయిన ఎవరు వినవలెను? షిలోహు మందిరమున విడువబడిన బాలుడైన సమూయేలును తలంచుకొనుడి. రాత్రివేళ బాలుడు లేచివచ్చినప్పుడు ముసలి ఏలీ రెండుమారులు పోయి పండుకొమ్మనెను. మూడవమారు గ్రహించెను, విసుగుకొనలేదు. మరునాడు బాలుడు చెప్పినది తనకు విరోధమైన మాటయైనను కడవరకు వినెను. అట్టి చెవి మన సంఘమునకు కావలెను. బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు మొట్టమొదట మార్కులడుగకుడి. ప్రక్కన కూర్చుండి, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగి, ఊరకుండి వినుడి. సండే స్కూలు పంతులమ్మకు, సంఘ పెద్దకు ఇది కష్టమైన పని కాదు. చిన్నవారిని చేర్చుకొనువాడు తన్నే చేర్చుకొనునని ప్రభువు సెలవిచ్చెను గదా.

1945లో విమానములు వేసిన బాంబులకు ఆ రైలుబడి కాలిపోయెను. మంటలను చూచుచు కొబయాషిగారు, ఈసారి ఎట్టి బడి కట్టుదమని తన కుమారుని అడిగెనట. ఆయన 1963లో మరణించెను. పెట్టెలు కాలిపోయినవి, వినబడిన బిడ్డ మాత్రము పెరిగి పెద్దదై ఈ పుస్తకము వ్రాసెను. మన యింటి బిడ్డ రేపు మనలనుగూర్చి ఏమి చెప్పునో! వినగల చెవిని ప్రభువు మనకు దయచేయును గాక.