పదహారు మీటల ఊరు

డెట్రాయిట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కార్లు. ఫోర్డ్‌లోనో, జనరల్ మోటార్స్‌లోనో, వాటికి విడిభాగాలు చేసిపెట్టే కంపెనీల్లోనో పనిచేసే తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు ఆ ఊరి శివార్లలో, నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి చోట్ల, చాలా ఏళ్లుగా స్థిరపడి ఉన్నాయి. ఆ ఊరు లోకానికిచ్చిన ఇంకో సరుకు గురించి మాత్రం మన దగ్గర మాట్లాడుకున్నది తక్కువ. దాని పేరు టెక్నో. 1980లలో అక్కడి నల్లజాతి కుర్రాళ్లు కొందరు ఇళ్లలో, అద్దె గదుల్లో పాత యంత్రాలు పెట్టుకుని తయారుచేసిన సంగీతం ఇవాళ బెర్లిన్ నుంచి టోక్యో దాకా మోగుతోంది.

ఈ రంగంలో ప్రొడ్యూసర్ అంటే సినిమా నిర్మాతలా డబ్బు పెట్టే మనిషి కాదు. బాణీ కట్టడం, వాయించడం, రికార్డు చేయడం, మిక్స్ చేయడం అన్నీ తనే చూసుకునేవాడు. డెట్రాయిట్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, రికార్డు అచ్చు వేయించడం, కొట్లకు చేర్చడం, అమ్మడం కూడా తామే నెత్తినేసుకున్నారు. ఆ పట్టుదల వేరు, వాళ్ల సంగీతం వేరు అని నేననుకోను. ఆ శబ్దంలోని పొదుపూ, బిగువూ, గరుకుతనమూ అలా ఒంటిచేత్తో పనిచేయడంలోంచే పుట్టాయి.

అలా ఒంటరిగా పనిచేయాల్సి రావడానికి కారణముంది. మోటౌన్ అనే రికార్డుల కంపెనీ 1959లో పుట్టింది ఆ ఊళ్లోనే. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌లో ఒక ఇంట్లో స్టూడియో పెట్టి, అమెరికా అంతా పాడుకున్న పాటలు తీసింది. 1972లో మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. కార్ల ఫ్యాక్టరీలూ ఒకదాని తర్వాత ఒకటి మూతబడ్డాయి. 1950లో 18.5 లక్షలున్న జనాభా 1990 నాటికి 10.3 లక్షలకు పడిపోయింది. పాట పాడగలిగినవాళ్లు ఊళ్లో మిగిలారు గానీ, దాన్ని నలుగురికీ చేర్చే పెద్ద కంపెనీ మిగల్లేదు.

ఆ రోజుల్లో రాత్రిపూట రేడియోలో ఎలక్ట్రిఫైయింగ్ మోజో అనే జాకీ ఉండేవాడు. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌నీ, ప్రిన్స్‌నీ, పార్లమెంట్-ఫంకడెలిక్‌నీ ఒకే కార్యక్రమంలో పక్కపక్కన వినిపించేవాడు. బెల్‌విల్ అనే శివారు ఊళ్లో చదువుకున్న హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అది వింటూ పెరిగారు. 1981లో ఆట్కిన్స్, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన రిక్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ పేరుతో తొలి రికార్డును సొంత ఖర్చుతో, సొంత లేబుల్ మీద తెచ్చాడు. మోజో దాన్ని రేడియోలో వేశాడు. 1985లో ఆట్కిన్స్ మెట్రోప్లెక్స్ లేబుల్ పెట్టాడు. ఆ వెనకే డెరిక్ మే ట్రాన్స్‌మాట్, సాండర్సన్ కేఎంఎస్ మొదలుపెట్టారు. ఈస్టర్న్ మార్కెట్ అనే కూరగాయల మార్కెట్ పక్కన గ్రేషియట్ అవెన్యూలో ముగ్గురి స్టూడియోలూ దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. యంత్రాలు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి అరువు వెళ్లేవి.

ఆ యంత్రాల సంగతి చెప్పుకోవాలి. జపాన్ కంపెనీ రోలాండ్ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది, 1983లో టీఆర్-909. మొదటిది దాదాపు 12,000, రెండోది సుమారు 10,000 తయారుచేసి ఆపేసింది. అసలు డ్రమ్ముల్లా మోగడం లేదని వాయిద్యకారులు వాటిని పక్కన పెట్టారు. అలా పాత సామాన్ల కొట్లకు చేరిన యంత్రాలు డబ్బులేని కుర్రాళ్లకు చవగ్గా దొరికాయి. డ్రమ్ముల్లా మోగకపోవడమే వాళ్లకు కావాల్సింది. 1983లోనే మిడి ప్రమాణం వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డునూ ఇంకో కంపెనీ డ్రమ్ మెషీన్‌నూ ఒక కేబుల్‌తో కలిపి, ఒకే లయలో నడిపించే వీలు కల్పించింది. బ్యాండు చేసే పని ఒక్క మనిషి చేతికి రావడం అక్కడ మొదలైంది.

ఇక్కడ మన దేశం ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇదే టీఆర్-808తో, రోలాండ్ వాళ్లదే టీబీ-303 బేస్ యంత్రంతో పది హిందుస్థానీ రాగాలను డిస్కో లయలో వాయించి ఎల్పీ చేశాడు. వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఐదేళ్ల తర్వాత షికాగోలో పుట్టిన ఆసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతపు శబ్దం అందులో ముందే వినిపిస్తుంది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో నెదర్లాండ్స్ లేబుల్ ఒకటి మళ్లీ విడుదల చేశాకే ప్రపంచానికి తెలిసింది. యంత్రం ఉంది, ప్రతిభ ఉంది. పక్క గదిలో అదే పని చేస్తున్న ఇద్దరు స్నేహితులూ, వరసగా రికార్డులు తెచ్చే సొంత లేబులూ లేవు. డెట్రాయిట్‌లో ఉన్నవి అవే.

909 ముందు కూర్చుంటే కింది అంచున ఒక వరసలో 16 మీటలు కనిపిస్తాయి. ప్రతి మీటకూ ఒక చిన్న దీపం. యంత్రం నడుస్తుంటే వెలుగు ఎడమ నుంచి కుడికి పరుగెత్తి, మళ్లీ మొదటికొస్తుంది. ఒక చుట్టుకు నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు భాగాలు. మన లెక్కలో చతురశ్ర నడక, నాలుగుసార్లు తకధిమి. కిక్ డ్రమ్ ఎంచుకుని 1, 5, 9, 13 మీటలు నొక్కితే ప్రతి ‘త’ మీదా దెబ్బ పడుతుంది. క్లాప్ 5, 13 మీద. జంట తాళాల్లాంటి హైహ్యాట్ తెరిచిన శబ్దం 3, 7, 11, 15 మీద, అంటే ప్రతి ‘ధి’ దగ్గర. జనం పాదాన్ని నేల మీదనుంచి లేపేది ఆ హైహ్యాటే. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత రిమ్‌షాట్‌ను 4, 7, 12 లాంటి చోట్ల వేస్తే అది కిక్‌తో కలవకుండా, దాంతో వాదులాడుతున్నట్టు నడుస్తుంది. షఫుల్ అనే సర్దుబాటు పెంచితే సరిసంఖ్య మీటల మీది దెబ్బలు వెంట్రుకవాసి ఆలస్యంగా పడతాయి. యంత్రం నడకలో మనిషి ఊపు వస్తుంది.

శబ్దం తయారీలోనూ 909 వింతైనది. కిక్, స్నేర్, టామ్‌లు అప్పటికప్పుడు విద్యుత్తులోంచి పుడతాయి. హైహ్యాట్, సింబల్ మాత్రం చిప్‌లో దాచిన ఆరు బిట్ల రికార్డింగులు. ఆరు బిట్లంటే ఇవాళ్టి లెక్కలో చాలా తక్కువ, అందుకే ఇసుక రాలినట్టు గరుగ్గా వినిపిస్తాయి. డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ వాయిస్తుండగా చూస్తే ఈ యంత్రం విలువ పూర్తిగా అర్థమవుతుంది. మూడు టర్న్‌టేబుళ్ల పక్కన 909 పెట్టుకుని, అది నడుస్తుండగానే మీటలు వేస్తూ తీస్తూ, కిక్ శ్రుతి తిప్పుతూ, మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనం వాయించినట్టు దరువు పెంచుకుంటూ పోతాడు. నా దృష్టిలో అది నూటికి నూరుపాళ్లు వాద్య కచేరీయే.

స్వరాల దగ్గర కూడా పొదుపే. ఒక మైనర్ కార్డును, అంటే కలిసి మోగే కొన్ని స్వరాల గుత్తిని, సాంప్లర్‌లో రికార్డు చేసి, దాన్ని ఒక్క వేలితో కీబోర్డు మీద పైకీ కిందికీ కదిలిస్తారు. కార్డు ఆకారం మారదు, ఎత్తు మారుతుంది. పాశ్చాత్య హార్మనీ సూత్రాల ప్రకారం ఒక కార్డు నుంచి ఇంకోదానికి సాఫీగా జారాలి. ఇక్కడ మొత్తం దిమ్మ దిమ్మగా జరుగుతుంది. ఆ మొండితనంలో ఒక దిగులుంటుంది, అది టెక్నో ముద్ర అయిపోయింది. డెరిక్ మే 1987లో తెచ్చిన ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’లో బేస్‌లైన్ అసలు లేదు. డాన్స్ పాటకు బేస్ లేకపోవడమంటే పెద్ద సాహసమే. అయినా ఇంగ్లండ్ క్లబ్బులు ఆ పాటకు ఊగిపోయాయి. 1994లో మరో డెట్రాయిట్ ప్రొడ్యూసర్ రాబర్ట్ హుడ్ ‘మినిమల్ నేషన్’లో ఇంకా తీసేశాడు. కిక్, హైహ్యాట్, నాలుగైదు స్వరాల చిన్న బాణీ, దాని మీద నెమ్మదిగా తెరుచుకునే ఫిల్టర్. పాట ముందుకు పోవడానికి కొత్త వాద్యం రానక్కర్లేదు. ఉన్న శబ్దమే వెలుగులోకి వస్తూ, మసకబారుతూ ఉంటే చాలు. మా దగ్గర చాలా ట్రాకులున్నాయి కదా అని నలభై పొరలు పేర్చే నేటి కుర్రాళ్లు ఈ ఒక్క రికార్డును వారం రోజులు వింటే ఎంతో నేర్చుకుంటారు.

ఇక రాన్ మర్ఫీ. పేరు బయట ఎక్కువమందికి తెలియదు గానీ, డెట్రాయిట్ శబ్దంలో ఆయన చేయి చాలా ఉంది. నేషనల్ సౌండ్ కార్పొరేషన్ పేరుతో రికార్డులు కట్ చేసేవాడు. లేత్ మీద తిరిగే లాకర్ పూత పళ్లేన్ని సూదితో చెక్కి గాడి వేయడం ఆ పని. బేస్ ఎంత పెద్దగా కావాలంటే గాడి అంత వెడల్పవుతుంది, పాట నిడివి అంత తగ్గుతుంది. బేస్‌ను మధ్యలో ఉంచకుండా రెండు స్పీకర్లకు విడగొడితే వినేటప్పుడు సూది గెంతుతుంది. కుర్రాళ్లు ఆయన పక్కన కూర్చుని తమ పాట చెక్కుతుంటే చూసేవాళ్లు. ఇంటికెళ్లి మిక్స్ మార్చుకునేవాళ్లు. పుస్తకాల్లో దొరకని పాఠం అది.

ఆయన చేసిన ఒక పనిని దగ్గర్నుంచి చూడాలి. మామూలు రికార్డులో గాడి సుడి తిరుగుతూ లోపలికి పోతుంది. అలా కాకుండా గాడిని వృత్తంగా మూసేస్తే సూది అక్కడే తిరుగుతూ ఉంటుంది, ఎత్తేదాకా ఆ ముక్కే మోగుతుంది. దీన్ని లాక్డ్ గ్రూవ్ అంటారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. ఆ 1.8 సెకన్లలో సరిగ్గా నాలుగు దెబ్బలు ఇమడాలంటే పాట వేగం నిమిషానికి 133.33 దెబ్బలుండాలి. దశాంశం తేడా వస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. 909 మీద 16 మీటల చుట్టు, రికార్డు మీద ఒక చుట్టు, రెండూ ఒకటైపోతాయన్నమాట. జెఫ్ మిల్స్ 1994 నాటి ‘సైకిల్ 30’లో ఇలాంటి గాడులున్నాయి. కట్ చేసినవాణ్ని కూడా సంగీతకారుడిగానే లెక్కించాలని నాకు గట్టిగా అనిపించింది ఆ రికార్డు దగ్గరే. మర్ఫీ 2008లో కన్నుమూశాడు. చెక్కిన పళ్లేల నుంచి రికార్డులు అచ్చువేసే ఆర్చర్ ఫ్యాక్టరీ కూడా ఊళ్లోనే ఉంది, 1965 నుంచీ ఒక కుటుంబం నడుపుతోంది. గది నుంచి లేత్‌కు, లేత్ నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్నుంచి రికార్డుల కొట్టుకు అన్నీ ఊళ్లోనే.

ఈ గొలుసును రాజకీయంగా అర్థం చేసుకున్నవాడు మైక్ బ్యాంక్స్. జెఫ్ మిల్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ మొదలుపెట్టాడు, వెంటనే రాబర్ట్ హుడ్ చేరాడు. ముఖాలకు గుడ్డ కట్టుకుని కనిపించేవాళ్లు, ఫొటోలివ్వడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. పెద్ద కంపెనీకి అమ్ముడుపోయేది మొదట ముఖం, తర్వాత పాట అని వాళ్ల అభిప్రాయం. మిగతా చిన్న లేబుళ్ల రికార్డులను కూడా లోకానికి చేర్చడానికి సబ్‌మర్జ్ అనే పంపిణీ సంస్థను నడిపారు.

సొంత పంపిణీ అవసరమేంటో 1999లో తేలింది. బృందంలోని డీజే రోలాండో చేసిన ‘జాగ్వార్’ యూరప్ క్లబ్బుల్లో పిచ్చిగా ఆడింది. సోనీ జర్మనీ శాఖ వీళ్ల అనుమతి లేకుండానే ఆ పాటను స్వరానికి స్వరం మళ్లీ వాయించి తయారుచేయించింది. చిన్న లేబుల్ కోర్టుకెక్కే స్తోమత లేనిది. కానీ రికార్డుల కొట్లవాళ్లు, డీజేలు, శ్రోతలు దేశదేశాల నుంచి నిరసన ఈమెయిళ్లు కుప్పలుగా పంపారు. సోనీ వెనక్కి తగ్గింది. ఇంకో పెద్ద కంపెనీ, బీఎంజీ, దాన్ని అందుకుని విడుదల చేసింది కాబట్టి గెలుపు సగమే. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ 2000లో జెఫ్ మిల్స్ తదితరులతో ‘జాగ్వార్’ కొత్త మిక్సులు చేయించి, ‘రివెంజ్ ఆఫ్ ది జాగ్వార్’ అని పేరు పెట్టి సొంతంగా అమ్మింది. అసలు పాట ఎవరిదో డీజేలకు తెలుసు.

తిండి సంగతేంటి మరి? ఓమర్-ఎస్ అనే ప్రొడ్యూసర్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూనే ఎఫ్‌ఎక్స్‌హెచ్‌ఈ అనే సొంత లేబుల్ నడిపాడు. దీన్ని త్యాగమని నేను చెప్పను. నెల జీతం చేతికొస్తుంది కాబట్టి ఈ నెల పాట హిట్టవ్వాలన్న తొందర లేదు, ఎవరికో నచ్చేలా మార్చాల్సిన పనీ లేదు. ఈ పనిలో ఉద్యోగాన్ని కూడా ఒక పనిముట్టుగా లెక్కవేసుకోవడం తెలివైన పద్ధతి.

ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ల్యాప్‌టాప్ తెరిచిన కుర్రాడికి 808, 909 శబ్దాలు ఉచితంగా దొరుకుతున్నాయి. పంపిణీ కూడా చేతిలోనే ఉంది. పాటలను నేరుగా శ్రోతలకు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది. స్పాటిఫై మాత్రం 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కించడం మానేసింది. అంటే చిన్నవాళ్లకు నేరుగా కొనే వందమంది శ్రోతలే ఎక్కువ విలువైనవాళ్లు.

హక్కుల దగ్గర మనవాళ్లు ఇంకా తడబడుతున్నారు. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, సినిమా పాట థియేటర్ బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తకూ గీత రచయితకూ ఉన్న వాటాను రాసివ్వడానికి వీల్లేకుండా చేసింది. అది వాళ్లిద్దరి గురించి. ఒకరి బాణీకి రోజు లెక్కన రిథమ్ ప్రోగ్రామింగ్ చేసిపెట్టే కుర్రాడికి మామూలుగా అందులో ఏమీ రాదు. సినిమా పాటల క్యాసెట్ల మీద ప్రోగ్రామర్ పేరు చదివిన గుర్తు మనలో ఎంతమందికుంది? అదే కుర్రాడు రాత్రి తన గదిలో సొంతంగా చేసుకున్న పాటకు స్వరకర్తా తనే. చట్టం దృష్టిలో, చొరవా బాధ్యతా తీసుకుని రికార్డింగ్ చేయించిన వ్యక్తీ తనే కాబట్టి ఆ సౌండ్ రికార్డింగ్ హక్కుదారూ తనే. అందుకే గాయని మైకు ముందుకు రాకముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. ప్రాజెక్టు ఫైళ్లు తేదీలతో సహా రెండు చోట్ల దాచుకోవాలి. స్వరకర్తగా, రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. లేబుల్‌కు ఒక పేరు పెట్టుకుని, తన పాటతో ఊరుకోకుండా, పక్క వీధిలో ఇదే పని చేస్తున్న ఇంకొకరి పాట కూడా దాని మీద తేవాలి.