కాళ్లు లెక్కపెడితే చాలదు

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఖనిజాల కోసం తవ్విన బోరుగుంతల్లోకి ఆకుల చెత్త నింపిన బోన్లు దించి, భూమి అడుగున బతికే చిన్న ప్రాణుల్ని పడుతుంటారు. 2020లో అలా 60 మీటర్ల లోతు నుంచి ఒక పాలిపోయిన రోకలిబండ పైకొచ్చింది. కళ్లు లేవు. పొడవు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ, మందం మిల్లీమీటరు కూడా లేదు. కాళ్లు మాత్రం 1,306! 2021 డిసెంబరులో పాల్ మారెక్, బ్రూనో బుజాట్టో, వారి సహచరులు దానికి యూమిల్లిపెస్ పెర్సెఫొనె అని పేరు పెట్టారు.

వార్తల్లో ఆ సంఖ్యే మోగిపోయింది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన నాకు దాని వెనకున్న పని ఇంకా ముచ్చటేసింది. ఆ ఆడ జీవికి 330 వలయాలు. వలయానికి నాలుగు చొప్పున 1,320 రావాలి. కానీ తల వెనక వలయానికీ చిట్టచివరిదానికీ కాళ్లుండవు; రెండు, మూడు, నాలుగో వలయాలకు ఒక్కో జతే. పద్నాలుగు తీసేస్తే లెక్క సరిపోతుంది. అదే జాతిలో మరో ఆడదానికి 253 వలయాలే, 998 కాళ్లే. కుబుసం విడుస్తూ వలయాలు పెంచుకునే ప్రాణికి కాళ్ల సంఖ్య జాతి గుర్తు ఎలా అవుతుంది?

చాలా రోకలిబండల్లో అసలు గుర్తు మగవాటి దగ్గర ఉంటుంది. ఏడో వలయం దగ్గరి కాళ్లు నడక మానేసి సంయోగానికి తగ్గట్టు మారిపోతాయి. తాళంచెవి పళ్లలా వాటి వంపులు జాతిజాతికీ వేరు. సూక్ష్మదర్శిని కింద వాటిని తిప్పితిప్పి చూడాల్సిందే.

750 కాళ్లతో పాత రికార్డు కాలిఫోర్నియాలోని ఇల్లాక్మి ప్లెనిపెస్‌ది. 1928లో వర్ణించిన జాతి. అదీ దారంలా సన్నం, దానికీ కళ్లు లేవు. పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లనే అంటాం. శరీర నిర్మాణం, డీఎన్ఏ పరీక్షించాక కొత్తదాన్ని పాలిజోనిడా క్రమంలో, సైఫోనోటిడే కుటుంబంలో చేర్చారు. ఇల్లాక్మిది సైఫోనోఫోరిడా, వేరే క్రమం. నేల సందుల్లో దూరే బతుకు రెండింటినీ విడివిడిగా ఒకే రూపానికి తెచ్చింది.

పైపోలికను నమ్మని ఈ ఓపికంటే నాకు ఎనలేని గౌరవం. దాన్ని మన తరగతి గదుల్లో వర్గం, విభాగం, క్రమం అంటూ బట్టీ పట్టే పట్టికగా మార్చేశాం. ఎంత నష్టం!

తొలకరి పడ్డాక పెరట్లో తిరిగే పురుగులతోనే పిల్లలు ఈ పరిశీలనను మొదలుపెట్టవచ్చు. వలయానికి రెండు జతల కాళ్లుంటే రోకలిబండ, ఒక్క జతే ఉంటే జెర్రి. జెర్రి కుడుతుంది, దూరం నుంచే చూడాలి. రోకలిబండ కుట్టదు, ముట్టుకుంటే చుట్టుకుపోయి ఘాటైన ద్రవం వదులుతుంది, అది కళ్లకు తగలకుండా చూసుకోవాలి. ఈసారి ఇంట్లోకి వస్తే చెప్పు తీయకండి. పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి.